గ్రౌండ్లు అవే

శుక్రవారం సాయంత్రం ఐదయిందంటే లీగ్ ఆఫీసులో ఫోన్ మోగాలి. మోగింది.

"అక్కా, రేపటికి గ్రౌండ్లు అవేనా?" అని అడిగాడు వ్యాన్ డ్రైవరు.

షెడ్యూలక్క గోడమీది చార్టు వంక చూసింది. పది గ్రౌండ్లకి పదీ ఉన్నాయి. ఒకటి పెరగలేదు, ఒకటి తగ్గలేదు.

"అవే," అని ఫోన్ పెట్టేసింది. ఆమె అన్నది అబద్ధం కాదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆ సంగతి మొగుడికీ బ్యాంకువాళ్ళకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి నడిచే పిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లో ఏ శనివారం ఏ జట్టు ఎక్కడ, ఎవరితో ఆడాలో పన్నెండేళ్ళుగా ఆమే రాస్తోంది. బయటివాళ్ళు ఫుట్‌బాల్ అంటే బంతిని తన్నడం అనుకుంటారు. పాపం అమాయకులు! బంతిని తన్నడం అందులో అన్నిటికంటే తేలికైన పని. ఇరవై జట్లు, పది గ్రౌండ్లు, ఎనిమిదిమందే రిఫరీలు. ఒక కోచ్ బస్సు నడుపుతాడు, ఆయన డ్యూటీ ఎప్పుడు మారుతుందో డిపోకి తప్ప దేవుడికి కూడా తెలియదు. ఇద్దరు కోచ్‌లు తోడల్లుళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒక గ్రౌండు నాలుగు చినుకులు పడితే బురదగుంట. ఇన్ని తలనొప్పుల మధ్య గురువారం మధ్యాహ్నానికి ఆమె జాబితా తయారవుతుంది, శుక్రవారం మధ్యాహ్నానికి అది చెడిపోతుంది.

చెడితే బాగుచేసే కిటుకు ఒకటి ఆమె దగ్గరుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు కుండమార్పిడి. ఈ గ్రౌండులో ఆడాల్సినవాళ్ళని ఆ గ్రౌండుకి, అక్కడివాళ్ళని ఇక్కడికి పంపేస్తుంది. గోడమీది చార్టులో ఆ రెండు గళ్ళ మధ్య పెన్సిలుతో రెండు మొనల బాణం గీసి, పక్కన ఆ మార్పు చేసిన వారం పేరులో మొదటి అక్షరం వేస్తుంది. నలుగురు కోచ్‌లకీ ఇద్దరు రిఫరీలకీ ఫోన్ చేస్తుంది. అంతే, పీడా పోతుంది. సోమవారం వచ్చాక ఎవరెక్కడ ఆడారో శుభ్రంగా టైపు చేసి ఫైల్లో పెడుతుంది. ఆ ఫైల్లో ఎక్కడైనా కొట్టివేత కనబడితే ఒట్టు.

ఇక బస్తాల సంగతి. పదేళ్ళలోపు పిల్లలు ఆడేది పెద్ద గోల్‌పోస్టులతో కాదు. వాళ్ళ కోసం చిన్న ఇనుప పోస్టులుంటాయి. అవి నేలలో పాతినవి కావు, నలుగురు పట్టుకుని మోసుకొచ్చి పెట్టేవి. ముందువైపు బరువెక్కువ. వెనక కమ్మీ మీద ఇసుక బస్తాలు వేయకపోతే, ఏ పిల్లాడో పైకమ్మీ పట్టుకుని ఊగినా, గాలి గట్టిగా వీచినా, మొత్తం పోస్టు ముందుకి బోర్లా పడుతుంది. అందుకని ఒక్కో పోస్టుకి నాలుగు బస్తాలు. గురువారం జాబితా చూసుకుని, శనివారం తెల్లారి ఆరింటికల్లా, ఇంకా ఎవరూ రాకముందే, చిన్నపిల్లలు ఆడే గ్రౌండ్లలో వాటిని దించి రావడం వ్యాన్ మనిషి పని. మధ్యాహ్నం వెళ్ళి ఎత్తుకొస్తాడు.

రెండు సీజన్ల కిందట కాలువగట్టు గ్రౌండులో పోస్టు పడింది. కింద తొమ్మిదేళ్ళ గోల్‌కీపర్ పిల్ల ఉంది. తుంటి ఎముక విరిగింది. మూడు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడా పిల్ల ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది.

ఆ రోజు కాలువగట్టులో ఒక్క బస్తా కూడా లేదు. అప్పట్లో వ్యాన్ నడిపింది బస్తాల బాబాయి. పంతొమ్మిదేళ్ళు నడిపాడు, లీగ్‌లో పిల్లాజెల్లా అందరూ ఆయన్ని బాబాయి అనేవాళ్ళు. విచారణకి ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురిలో కలం పట్టింది షెడ్యూలక్క.

"బస్తాలు మిల్లు గ్రౌండులో దొరికాయి. అక్కడ ఆడింది పెద్దపిల్లలు కదా బాబాయ్, అక్కడెందుకు దించావు?"

"రాసినచోటే దించానమ్మాయ్."

"ఏదీ ఆ కాగితం?"

ఆయన దగ్గర లేదు. ప్రతి శనివారంలాగే ఆ శనివారం కూడా చేతికంటిన గ్రీజు దాంతోనే తుడుచుకుని పారేశాడు. షెడ్యూలక్క తన ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టింది. చిన్నపిల్లలు, కాలువగట్టు. అచ్చులో ఉంది.

"శుక్రవారం నువ్వు ఫోన్ చేశావా? గ్రౌండ్లు అవే అని నేను చెప్పానా, లేదా?"

"చెప్పావు."

"మరి నా ఫైలు తప్పా?"

బాబాయి ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. ఆమె ఫైల్లో తప్పుండదని లీగ్‌లో అందరికంటే ఎక్కువ నమ్మింది ఆయనే. "అయితే నేనే మరిచిపోయుంటానమ్మాయ్, పెద్దవాణ్ణయ్యాను," అన్నాడు. ఆమె ఆ మాట ఆ మాటగానే రాసింది. వ్యాన్ తాళాలు బల్లమీద పెట్టి ఆయన వెళ్ళిపోయాడు. ఆయన ఇల్లు ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. తప్పు చేసింది ఆయన, చేయనిది ఆమె, అయినా అప్పట్నుంచి బజారుకి దారి మార్చుకున్నది మాత్రం ఆమే. ఆయన భార్య పోయినప్పుడు కూడా పలకరించడానికి వెళ్ళలేదు. వెళితే ఆ మాట వస్తుందని భయపడింది.

శనివారం తెల్లారేసరికి గాలి మొదలైంది. ఎనిమిదింటికి షెడ్యూలక్క ఆఫీసు తెరిచేటప్పటికి కిందకొట్టు రేకుతలుపు దడదడ కొట్టుకుంటోంది. గోడమీది చార్టు లేచి లేచి పడుతోంది. వాన లేదు, మబ్బు లేదు, ఎండ ఎండగానే ఉంది, గాలి మాత్రం ఆగడం లేదు. ఎందుకో ఆమె మనసు కీడు శంకించింది. తిండి తక్కువై అలా అనిపిస్తోందిలే అని సర్దిచెప్పుకుని, టీ తెప్పించుకుంది.

తొమ్మిదీ ఇరవైకి ఫోన్.

"అక్కా, దారిలో రెండు టైర్లు పోయాయి. మిల్లు గ్రౌండుకి ఇప్పుడే వచ్చాను. బస్తాలు దించాను గానీ, ఇక్కడ చిన్నపిల్లలెవరూ లేరే! అందరికీ మీసాలున్నాయి."

"ఎందుకుంటారు? నిన్న మధ్యాహ్నమే చిన్నవాళ్ళని కాలువగట్టుకి..."

టీ గ్లాసు కింద పెట్టబోతే అంచు తగిలి ఒలికింది.

"నిన్న సాయంత్రం అవే అన్నారు కదక్కా?"

"అవే," అందామె. "గ్రౌండ్లు అవే."

గ్రౌండ్లు అవే, ఆడేవాళ్ళే తారుమారయ్యారు. కోచ్‌లకి చెప్పింది, రిఫరీలకి చెప్పింది. వ్యాన్‌వాడికి కావలసింది గ్రౌండ్లే కదా, ఏ వయసువాళ్ళు ఎక్కడ ఆడితే అతనికెందుకు అని పన్నెండేళ్ళుగా ఆమె బుర్రలో ఉండిపోయింది. బస్తాలు వెళ్ళాల్సింది గ్రౌండుకి కాదు, పిల్లల వెంట అన్న ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు.

"బస్తాలన్నీ మళ్ళీ ఎక్కించు. కాలువగట్టుకి రా. ప్రాణం మీదకొచ్చిందనుకుని రా!"

కాలువగట్టు కోచ్‌కి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. రిఫరీకి చేసింది. అదీ అంతే. ఆట మొదలయ్యేముందు ఫోన్లన్నీ సంచిలో వేసి కట్టేయాలని ఆమే రూల్ పెట్టింది. అంతకుముందు తండ్రులు ఆట మధ్యలో రిఫరీకి ఫోన్ చేసి తిట్టేవాళ్ళు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఏమో అనుకుంది ఇన్నాళ్ళూ.

స్కూటర్ మీద పన్నెండు నిమిషాలు పట్టే దారి. గాలి పక్కనుంచి తోస్తుంటే బండి రెండుసార్లు రోడ్డు అంచుదాకా జరిగింది. ఆమెకి ఆ పిల్ల కాలు గుర్తొచ్చింది. ఆస్పత్రిలో దానికి కట్టిన కట్టు, కట్టుమీద జట్టు పిల్లలంతా రాసిన పేర్లు. దేవుడా, ఇంకొక్క పది నిమిషాలు ఆ గాలిని పట్టుకో, ఆ తర్వాత నన్నేం చేసినా సరే అని మొక్కుకుంది.

ఆమె చేరేసరికి ఆట మొదలై పావుగంటయింది. బంతి అవతలి కొసలో ఉంది, పిల్లలంతా దాని చుట్టూ మూగి ఉన్నారు. ఇవతలి పోస్టు వెనక కమ్మీకి ఇసుక బస్తాల బదులు పిల్లల స్కూలు సంచులు నాలుగు, ఒక నీళ్ళ క్యాను కట్టి ఉన్నాయి. ముందు, ఏమీ తోచక, గ్లౌజులేసుకున్న బుడతడొకడు పైకమ్మీ పట్టుకుని కాళ్ళు ముడుచుకుని ఊగుతున్నాడు. వాడు ఊగినప్పుడల్లా వెనక కమ్మీ నేల విడిచి లేస్తోంది, మళ్ళీ ఆనుతోంది.

"దిగరా! దిగు! అవతలికి పో!"

స్కూటర్ ఎక్కడ వదిలేసిందో ఆమెకే తెలియదు. ఆ పరుగు ఎవరైనా చూసుంటే ఏడాది నవ్వుకునేవాళ్ళు. వెనక కమ్మీ మీద చతికిలబడి కూర్చుంది. బరువు తగ్గమని డాక్టరు మొత్తుకుంటున్నా వినకపోవడం ఈ ఒక్కరోజు కలిసొచ్చింది. పిల్లాడు దిగి, ఈవిడకి పిచ్చి పట్టిందా అన్నట్టు చూస్తూ పక్కకి జరిగాడు. అప్పుడు వచ్చింది గాలి. కింద ఇనుము కదలడం ఆమెకి తెలిసింది. ఆమె కూర్చుని ఉండగానే అది పైకి లేవాలని చూసింది.

"ఆట ఆపండి! ఆ పోస్టు దగ్గర్నుంచి పిల్లల్ని తీసేయండి!"

రిఫరీ విజిల్ వేశాడు. గట్టుమీద కూర్చున్న తల్లిదండ్రులు లేచారు. గెలిచే ఆట ఆపడానికి ఈవిడెవరని ఒకాయన అరిచాడు. ఏం జరిగిందో చూద్దామని పిల్లలంతా, అవతలి గోల్‌కీపర్‌తో సహా, ఆమె వైపు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు సగం దూరం వచ్చి ఉంటారు. అవతలి పోస్టు నెమ్మదిగా ముందుకి ఒరిగింది. స్కూలు సంచులు గాల్లోకి లేచాయి. పైకమ్మీ నేలకి తగిలిన చప్పుడుకి అరిచే ఆయన కూడా నోరు మూశాడు. అది పడినచోట గోల్‌కీపర్ పిల్లాడు నిలబడి నేలని తన్ని తన్ని చేసిన మడమల గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఒక తల్లి ఏడవడం మొదలుపెట్టింది.

కోచ్ దగ్గరికొచ్చాడు. బస్సు నడిపేది ఆయనే, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బస్తాలు లేకుండా ఎలా మొదలుపెట్టావయ్యా?" అంది షెడ్యూలక్క. "ప్రతి ఆటకీ ముందు బస్తాలు చూశామని కోచ్‌లందరూ సంతకం పెట్టారు కదా?"

"ఆ సంతకాలు సీజన్ మొదట్లోనే అన్ని వారాలకీ కలిపి చేయించేశారు కదక్కా, మీరే." ఆయన నేలచూపులు చూశాడు. "బస్తాలు రానప్పుడల్లా ఇలా సంచులు కట్టి ఆడించేస్తాం. నెలకోసారి అలా అవుతూనే ఉంటుంది."

"నెలకోసారా? నాకెందుకు చెప్పలేదు?"

"వ్యాన్‌వాడు మరిచిపోయుంటాడులే అనుకునేవాళ్ళం. చెబితే వాడికీ బాబాయికి పట్టిన గతే పడుతుంది. ఒకడి పొట్ట కొట్టడం ఎందుకని అందరం ఊరుకున్నాం."

వ్యాన్ వచ్చింది. డ్రైవరూ కోచ్‌లూ బస్తాలు మోస్తుంటే ఆమె అలాగే కమ్మీ మీద కూర్చుని ఉంది. నలుగురు లేపితే గానీ లేవలేకపోయింది. ఇటు బస్తాలు వేసేశారు, అటు పోస్టు నిలబెట్టారు, పిల్లలు అప్పుడే ఎవరు గోల్ వేస్తారని పోట్లాడుకుంటున్నారు. ఆమె చెవుల్లో మాత్రం నెలకోసారి అన్న మాటే తిరుగుతోంది. డ్రైవరు కొత్తవాడు, వచ్చి ఏడాది కూడా కాలేదు. టైర్లు పోబట్టి ఆలస్యంగా వచ్చి మీసాలవాళ్ళని చూశాడు. ఆరింటికి వచ్చి ఉంటే ఖాళీ గ్రౌండులో దించి చక్కా పోయేవాడు. బాబాయి పంతొమ్మిదేళ్ళూ ఆరింటికే వచ్చాడు.

ఆఫీసుకి తిరిగొచ్చి కుర్చీ ఎక్కింది. బీరువా మీద పాత చార్టులు చుట్టలు చుట్టి పెట్టి ఉన్నాయి, ఏ సీజన్‌ది ఆ సీజన్‌కి రబ్బరు బ్యాండు వేసి. పారేయడం ఆమెకి చేతకాదు. విచారణ రోజున వీటి జోలికి ఎవరూ రాలేదు. అచ్చులో ఉన్న ఫైలు ఎదురుగా ఉండగా పెన్సిలు గీతలు ఎవరు చూస్తారు? దుమ్ము దులిపి, నేలమీద పరిచి, ఆ శనివారం వెతికింది. వెతుకుతున్నంతసేపూ అది అక్కడ ఉండకూడదని కోరుకుంది.

ఉంది. మిల్లు గ్రౌండుకీ కాలువగట్టుకీ మధ్య రెండు మొనల బాణం. పక్కన ఆమె చేతిరాతతో 'శు'. గురువారం జాబితాలో చిన్నపిల్లలది మిల్లు గ్రౌండు. బాబాయి బస్తాలు దించింది మిల్లు గ్రౌండులో.

ఆమె నేలమీదే కూర్చుండిపోయింది. ఆ ఒక్క చార్టులోనే అలాంటి బాణాలు ఇంకా తొమ్మిది లెక్కపెట్టింది. తర్వాత లెక్కపెట్టే ధైర్యం చాలలేదు.

ప్రెసిడెంటుకి ఫోన్ చేసింది. ఆయన పళ్ళ డాక్టరు, ఏ మాటైనా మత్తుమందు ఇచ్చినట్టే చెబుతాడు.

"అక్కా, నొప్పి లేని పన్ను పీకకూడదు," అన్నాడంతా విని. "బాబాయి తనంతట తనే ఒప్పుకున్నాడు. ఆ పిల్ల కాలు ఎటూ తిరిగి రాదు. ఇది బయటపడితే లీగ్ మూసేస్తారు, ఇరవై జట్ల పిల్లలు వీధిన పడతారు. ఇకమీదట వ్యాన్‌కి కూడా ఫోన్ చేయండి, సరిపోతుంది. ఆ చార్టు చించేయండి."

"ఆలోచిస్తాను," అంది. ఆయన చెప్పినట్టు చేయాలని ఆమెకి అనిపించలేదంటే అబద్ధమవుతుంది. చార్టు అంచు రెండు చేతులతో పట్టుకుని కూడా చూసింది. తర్వాత చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది.

సాయంత్రం నాలుగున్నరకి, రెండేళ్ళుగా తొక్కని వీధిలోకి మళ్ళింది. గాలి ఇంకా తగ్గలేదు. బాబాయి తలుపు తీసే ఉంది. ఆయన గదిలో నేలమీద కూర్చుని, డబ్బాల్లోంచి మేకులు ఒంపి సైజుల వారీగా ఏరుతున్నాడు. ఎంత చిక్కిపోయాడో! గోడకి ఎక్కడ చూసినా చిన్న చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి. గ్యాస్ కట్టెయ్. తలుపు గడియ. మందు, ఉదయం ఒకటి.

"రామ్మాయ్," అన్నాడు, నిన్నే చూసినట్టు. "కూర్చో. ఒంట్లో బాగాలేదా, మొహం అలా ఉందేం?"

"బాబాయ్, ఆ రోజు నువ్వు మరిచిపోలేదు. తప్పు నాది."

"ఊరుకో. నువ్వు పొరబడే మనిషివా? ఆ పిల్లని తలుచుకుని మనసు పాడుచేసుకున్నట్టున్నావు."

ఆమె చార్టు పరిచింది. చుట్టుకుపోతుంటే ఆయనే నాలుగు మూలలా మేకుల డబ్బాలు పెట్టాడు. కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఆమె బాణం చూపించి, ఏం జరిగిందో, ఈ రోజు కాలువగట్టులో మళ్ళీ ఏం జరగబోయిందో, దాచకుండా చెప్పింది. ఆయన వేలు మిల్లు గ్రౌండు మీంచి కాలువగట్టుకి, కాలువగట్టు మీంచి మిల్లు గ్రౌండుకి మెల్లగా జరిగింది.

"అంటే నేను సరైనచోటే దించానా?"

"నేను రాసిచ్చిన చోటే దించావు."

"మరిచిపోలేదా?"

"లేదు బాబాయ్."

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె కాళ్ళమీద పడబోతే చేత్తో ఆపాడు, కోపంగా కాదు, అడ్డొస్తోందన్నట్టు. ఆయన చూపు చార్టు మీదే ఉంది.

"రేపు ఆదివారం. కమిటీ అందరినీ పిలిచి చెబుతాను," అందామె. "ఆ పిల్ల ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మానాన్నలకి చెబుతాను. నీ పేరు మీద పడ్డ మాట తీయిస్తాను. ఎవరేమన్నా సరే."

"చెప్పమ్మాయ్. చెప్పాలి." ఆయన కళ్ళజోడు మడిచి పక్కన పెట్టాడు. "మీ పిన్ని మాత్రం మొదట్నుంచీ ఒప్పుకోలేదు. నువ్వు మరిచిపోయే మనిషివి కావు, వెళ్ళి అడుగు, కాగితాలన్నీ తీయించు అని పొద్దస్తమానం పోరేది. అన్నం పెడుతూ అదే, పక్క వేస్తూ అదే. నీ ఫైలు నేను కళ్ళారా చూశాను కదా, ఏమని అడగను? చివరికి ఒకరోజు ఒళ్ళు మండి, నోర్ముయ్, మరిచిపోయాను, ఆ పిల్ల కాలు నేనే విరగ్గొట్టాను, ఇక చాలా, అని కేకలేశాను."

షెడ్యూలక్క చార్టు మీంచి చూపు ఎత్తింది.

"ఆ తర్వాత ఆవిడ ఆ ఊసెత్తలేదు. నన్ను అదోలా చూసేది. నేనేమైనా తాకితే సర్దేది, నేను వేసిన గడియ మళ్ళీ చూసుకునేది. ఈ కాగితాలన్నీ ఆవిడే అంటించింది, నా కోసమని." బాబాయి గోడల వంక చూశాడు. "మూడు నెలలకి పోయింది. నమ్మేసి పోయిందమ్మాయ్."